డి కింద మెట్లు లేవు

మార్చి 4

వేదిక ఎత్తు మోకాలంత కూడా లేదట. పరామర్శకు వచ్చిన ప్రతివాళ్లూ ఈ ముక్క అనేసి గాని కూర్చోవడం లేదు. ఇంకాస్త ఎత్తునుంచి పడి ఉంటే ఊరికి గౌరవంగా ఉండేదని కాబోలు.

జరిగింది ఇదీ. చర్చి హాల్లో శనివారం కచేరి. గాల్వే నుంచి వచ్చిన అకార్డియన్ ఆయన రీల్ అనే డాన్సు బాణీని పోలీసులు వెంటపడ్డట్టు పరుగెత్తిస్తున్నాడు. ఆగమన్నాను. కమాను ఎక్కడ తిరగాలో చూపించడానికి ఒక అడుగు వెనక్కి వేశాను. అక్కడ వేదిక లేదు. ఎడమ మోచెయ్యి విరిగింది. ఫిడేలుని పొట్టకు హత్తుకునే పడ్డాను, దానికి గీత కూడా పడలేదు. ఆయన మాత్రం రీల్ మొత్తం పూర్తి చేసి, అప్పుడు వచ్చి నన్ను చూశాడు.

పొద్దున కోల్మన్ ఆవుల దగ్గర్నుంచి వచ్చి, "టౌన్‌కి వెళ్తున్నా, ఏమైనా తేవాలా?" అన్నాడు.

"ఒక చెయ్యి."

"ఎడమదా, కుడిదా?"

ఈ మనిషిని నేను ప్రేమించి కట్టుకున్నాను. రాసిపెట్టుకోకపోతే నమ్మబుద్ధి కాదు.

మార్చి 11

ఆపిల్ టార్టులు. ఈ ఊళ్లో ఆపిల్ టార్టు చెయ్యని ఇల్లు లేదు, తినదగ్గ టార్టు చేసే ఇల్లూ లేదు. ఒక్క ఫిడెల్మా టూహీది బాగుంది. నాకు దానికే ఒళ్లు మండింది. పబ్బులో గురువారం కచేరికి నా పక్క కుర్చీలో కూర్చునే పిల్ల. నలభై దాటినా నాకు పిల్లే. పేరులోనే ఫిడేలు ఉంటే చాలనుకుంటుంది.

"మీరు వచ్చేదాకా మీ కుర్చీలో ఎవర్నీ కూర్చోనివ్వను" అంది.

ఎవర్నీ అంటే తను కాకుండా అని అర్థం.

మార్చి 15

దురద.

ఏప్రిల్ 2

కట్టు విప్పారు. లోపల నుంచి వచ్చిన చెయ్యి నాది కాదు. ఎవరిదో సన్నటి, తెల్లటి, ఓడిపోయిన చెయ్యి.

వేళ్లు బాగానే ఆడుతున్నాయి. మోచెయ్యి మడత పడుతోంది. అరచెయ్యి మాత్రం పైకి తిరగడం లేదు. నేలవైపు చూస్తుంది, పక్కకి చూస్తుంది, అక్కడ ఆగిపోతుంది. దుకాణంలో చిల్లర ఇస్తుంటే అలవాటుగా ఎడమ చెయ్యి చాచాను. నాణేలన్నీ జారి నేలమీద దొర్లాయి. ఇద్దరు ఆడవాళ్లు వంగి ఏరిపెట్టారు. ఏరుతూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను చూశాను.

ఇంటికొచ్చి ఫిడేలు తీశాను. ఫిడేలు మెడ కిందినుంచి చెయ్యి తిరిగి వేళ్లు తీగల మీదికి రావాలి. ముప్పై ఏళ్లకు పైగా ఆలోచించకుండా చేసిన పని. ఈరోజు ఆలోచించి చేసినా కాలేదు.

డాక్టరమ్మ ఏదో అంది. చిన్న వయసు. అనుభవం లేదు.

ఏప్రిల్ 9

కోల్మన్ సలహా: చేతులు మార్చి వాయించకూడదా అని. కమాను ఎడమ చేత్తో, ఫిడేలు కుడి చేత్తో. "ఆవుని ముందువైపు నుంచి పితుకు, నేను చేతులు మారుస్తా" అన్నాను. కాసేపు నిజంగానే ఆలోచించాడు.

ఏప్రిల్ 12

చేతికి వ్యాయామం చేయించే అమ్మాయి, "అరచెయ్యి కిందికి ఉంచి వాయించేది ఏదైనా ఉందా? వేళ్లకి మంచిది" అంది. మందులాగా, పూటకోసారి.

కోల్మన్ విని ఊరుకోవచ్చు కదా. సాయంత్రం పశువుల మందుల దుకాణం నుంచి గొర్రెల నులిపురుగుల మందుతో పాటు ఒక టిన్ విజిల్ పట్టుకొచ్చాడు. గల్లా దగ్గర వేలాడదీసి అమ్ముతారట, చూయింగ్ గమ్ పక్కన. ఇత్తడి గొట్టం, పచ్చ ప్లాస్టిక్ మూతి, ఆరు రంధ్రాలు. బడిలో పిల్లలకి పట్టించి టీచర్లు పిచ్చెక్కిపోయే వస్తువు.

చెంచాల సొరుగులో పడేశాను. దాని స్థాయి అది.

ఏప్రిల్ 13

వాయించలేదు.

ఏప్రిల్ 14

వాయించలేదు. వేళ్ల కోసం కాసేపు. మధ్యాహ్నం వంట కాలేదు. పొయ్యి సరిగ్గా మండలేదు.

ఏప్రిల్ 21

దీని దౌర్భాగ్యం ఏమిటంటే, ఆరు రంధ్రాలూ మూసి ఊదితే డి అనే స్వరం. అంతే. డి కింద మెట్లు లేవు. నేల. ఫిడేలుకయితే ఆ డి కింద ఒక నేలమాళిగ ఉంది, లావు తీగ మొత్తం. మా ఈస్ట్ క్లేర్ ప్రాంతపు బాణీలు సగం అక్కడే కాపురం ఉంటాయి. అందుకే అవి చీకటిగా, తడిగా, అందంగా ఉంటాయి. మా వంటిల్లులాగా.

ఒక్కో బాణీ పట్టుకుని చూశాను. జిగ్ బాణీలు చాలావరకు పడకుండా నిలబడ్డాయి. రీల్‌లు ఒక్కొక్కటే అంచుదాకా నడిచి దబ్బున పడుతున్నాయి, నాలాగే. బాణీ మొత్తాన్ని జి శ్రుతి నుంచి డి శ్రుతికి లేపితే కొన్ని బతుకుతాయి. అప్పుడు పైభాగం నెత్తికెక్కి కీచుమంటుంది. మా కుక్క బయటికి పోయి వానలో కూర్చుంది.

చివరికి "తడిసిన గడ్డివాము" ఎత్తుకున్నాను. ఎత్తుకోకుండా ఉండాల్సింది. డెలియా మినోగ్ కట్టిన రీల్. నాకు ఫిడేలు నేర్పిన మనిషి. ఆ రీల్ రెండో భాగం లావు తీగ మీదికి దిగుతుంది చూడండి (ఎవర్ని చూడమంటున్నాను, నా డైరీయే కదా), గదిలో మాటలు ఆగిపోతాయి. ప్రతి ఆగస్టులోనూ ఊరి పండగ దానితోనే మొదలవుతుంది. నేనే వాయిస్తాను. నేనే.

విజిల్ మీద ఆ చోటికి వచ్చేసరికి గాలి. ఉత్త గాలి.

మే 3

లేని స్వరాన్ని ఏం చెయ్యాలి? మూడు దారులున్నాయి. పై స్థాయికి ఎగరగొట్టడం: తరిమితే కోడి దూలం ఎక్కినట్టు ఉంటుంది. డి దగ్గరే మొండిగా నిలబడటం: బస్సు తప్పిపోయిన మనిషిలా. లేదా ఆ చోట దానికి వరసైన వేరే స్వరం పెట్టడం: పెళ్లికి రాలేనివాడు తమ్ముణ్ణి పంపినట్టు.

గురువారం కచేరిలో విజిల్ ఊదే మలాకీ కన్సిడైన్ ఎప్పుడూ మొదటిదే చేస్తాడు. ఇన్నాళ్లూ అదే గదిలో కూర్చుని ఆ కోళ్లన్నీ నేను భరించాను.

ఇదంతా వేళ్ల కోసమే.

మే 17

సెనన్ వచ్చాడు. సెనన్ పబ్బు నడుపుతాడు, శవపేటికలు అమ్ముతాడు, పండగ కమిటీకి అధ్యక్షుడు. మూడింటికీ ఒకటే మొహం వాడతాడు. ఆ మొహం వేసుకుని వచ్చాడు కాబట్టి టీ ఇవ్వకముందే తెలిసిపోయింది.

"చెయ్యెలా ఉందమ్మా?"

"విషయం చెప్పు."

"ఆగస్టుకి... మరి, నువ్వు కోలుకుంటావనుకో. ఒకవేళ కోలుకోకపోతే అని కమిటీ—"

"ఫిడెల్మాకి ఇచ్చారు. నా బాణీ ఫిడెల్మాకి ఇచ్చారు, అంతేగా?"

"లేదు లేదు. అడిగాం. 'అది అట్రాక్టాది, నేను ముట్టుకోను' అంది."

తీసుకుంటే తిట్టేదాన్ని. తీసుకోకపోతే ఎలా తిట్టాలి? తెలివైనది.

"మరి ఎవరికి?"

సెనన్ టీ కప్పులోకి చూశాడు. "మలాకీకి."

"విజిల్ మీదా?"

"ఆయన దగ్గర అదే ఉందమ్మా."

"గడ్డివాముని విజిల్ మీద వాయిస్తాడా! సెనన్, నీ దగ్గరున్న పెట్టెల్లో ఒకటి తెచ్చి ఆ బాణీని పడుకోబెట్టు, సరిపోతుంది."

"ఓక్ చెక్కలోనా, పైన్ చెక్కలోనా?" అన్నాడు. ఇలాంటప్పుడే వాడంటే కాస్త ఇష్టం కలుగుతుంది.

మే 18

మలాకీ ఇంటికి వెళ్లాను. నాలుగు మాటలు అనేసి వద్దామనే. మలాకీ రిటైరైన పళ్ల డాక్టరు. ఊళ్లో సగం మంది నోళ్లలో ఆయన చేతిపని ఉంది. కాబట్టి ఆయన ఎంత పాడుగా వాయించినా ఎవరూ నోరు విప్పరు.

గేటు దగ్గరే వినబడింది. గడ్డివాము రెండో భాగం మొత్తాన్ని ఒక స్థాయి పైకి ఎత్తేశాడు. ఒక్క కోడి కాదు, కోళ్లఫారం మొత్తం దూలాలెక్కింది.

తలుపు తెరిచి, "రా అట్రాక్టా, పన్ను నొప్పా?" అన్నాడు.

"చెవి నొప్పి. మలాకీ, ఆ బాణీకి ప్రాణం కిందుంది. దాన్ని అటక మీదికి ఎక్కించి కూర్చోబెడతావేంటి?"

"కిందికి నాకు దారి లేదుగా."

"అయితే మానెయ్. లేదా దిగాల్సిన చోట దిగినట్టు అనిపించేలా ఏదైనా చెయ్. ఆ రెండో భాగంలో ఎఫ్ దగ్గర ఆగి, ఇ మీదుగా డి కి వచ్చి, అక్కడ కొట్టి—"

"ఎలా?"

"ఇలా!" అన్నాను.

అప్పటికే కోటు జేబులోంచి పచ్చమూతి విజిల్ తీసి వాయించేశాను. వాయించాక గాని తెలియలేదు ఏం చేశానో.

మలాకీ మొహంలో సంతోషం ఊరుతోంది, పంచదార పాకంలా. ఊరందరికీ చెప్పుకుంటాడని తెలుసు. చివరికి కళ్లజోడు సర్దుకుని అన్నాడు:

"పెదాలు అంత బిగించకు. దవడ పన్ను పీకించుకోడానికి వచ్చినట్టున్నావు. గాలి నెమ్మదిగా వదులు."

"నాకు నేర్పకు."

"నేర్పడం లేదు. అలవాటు. నోరు కనబడితే ఊరుకోలేను."

నెమ్మదిగా వదిలాను. డి పలికింది. అబ్బో, ఏం పలికింది లెండి. ఎవరైనా పలికిస్తారు.

జూన్ 1

మళ్లీ వెళ్లాను, మలాకీ చెడగొట్టకుండా చూడటానికి. వారానికి రెండుసార్లు వెళ్తే గాని చెడగొట్టకుండా ఉండడు.

జూన్ 6

వెళ్లాను.

జూన్ 8

వెళ్లాను. గొడవ. ఆయన దారి: కిందికి దిగాల్సిన స్వరాల్ని విడిగా పైకి విసరడం. ఎక్కువేం కాదు, నాలుగంటే నాలుగు. "జనానికి ఆ నడక గుర్తుంటుంది అట్రాక్టా. కాలు ఒక మెట్టు తప్పితే తప్పింది, మనిషి అదే." నా దారి: తమ్ముణ్ణి పంపడం, బాణీ కిందే తలొంచుకుని నడవడం. "నువ్వు ఫిడేలు బుద్ధితో విజిల్ ఊదుతున్నావు" అన్నాడు. "నువ్వు పటకారు బుద్ధితో" అన్నాను. ఇద్దరం కలిసి వాయించాలని కమిటీ ఇప్పుడు అంటోందట. సెనన్‌కి ఎవరు చెప్పారో! మలాకీ గోడ మీది గడియారం వైపు చూశాడు.

వద్దన్నాను. తర్వాత సరేనన్నాను. చెయ్యి బాగయ్యేదాకా.

జూన్ 10

కోల్మన్ పాకలోంచి వచ్చి, "పై సి ఊదినప్పుడల్లా ఎర్రావు తన్నుతోంది. నడిమి డి వరకు పర్లేదు" అన్నాడు. సంగీతం తెలిసినవాళ్లు ఈ ఇంట్లో ఇద్దరున్నారు, వాళ్లలో ఒకరు ఎర్రావు.

జూన్ 24

డెలియా దగ్గరికి వెళ్లాను. నన్‌లు నడిపే వృద్ధాశ్రమంలో ఉంది. తొంభై దాటింది. కిటికీ పక్కన కూర్చుని ఎవరెవరు ఎవరి కార్లో చర్చికి వస్తున్నారో చూస్తుంటుంది.

"ఎవరూ?"

"అట్రాక్టాని, డెలియా."

"ఆ, పడ్డదానివి. వేదిక మోకాలంత కూడా లేదటగా, పిల్లా?"

మిగతావేవీ చెవిన పడవు ఈవిడకి, ఇది మాత్రం పడింది.

చెప్పాను. మలాకీ గురించి, కోళ్ల గురించి. "మీ బాణీ. మీరు ఒక్కసారి వద్దనండి. నేను చెప్పినట్టే ఉండాలనండి. కమిటీ మీ మాట కాదనదు. ఆ కింది తీగ మీది భాగం మీ గుండెలోంచి వచ్చిందని, ఆ రోజుల కష్టమంతా అందులో ఉందని, ప్రతి పండగకీ నేనే కదా చెబుతాను వేదిక మీద."

"నా గుండెలోంచా?" డెలియా నవ్వింది. నవ్వి దగ్గింది. దగ్గి నవ్వింది. నర్సు పరుగెత్తుకొచ్చింది. "గుండెలోంచి కాదే. పై తీగ తెగింది."

"ఏంటి?"

"ఫిడేలు పై తీగ తెగింది ఆ రోజు. సాయంత్రం గడ్డి కొట్టంలో డాన్సు. తీగ కొనాలంటే టౌన్‌కి పోవాలి. పోదామంటే సైకిల్ లేదు. మా చెల్లెలు నాన్సీ పట్టుకుపోయింది, ఎవడో పాల క్రీమరీలో పనిచేసేవాణ్ణి కలవడానికి. వాడు దానికి తగినవాడా అంటే అదీ కాదు. మూడు తీగలే ఉన్నాయి. పైన వాయించేదాన్ని కిందికి దించి లాగించేశాను. వాళ్లకేం తెలుసు, ఎగరడానికి వచ్చారు, ఎగిరారు. తర్వాత అలాగే అలవాటైపోయింది."

నేను కూర్చున్న కుర్చీ గట్టిదే, అయినా పట్టుకున్నాను.

"మరి మొదట ఎలా ఉండేది? పైన?"

"ఎవరికి గుర్తు?"

"ఒక్కసారి పాడి చూడండి, వస్తుందేమో."

కళ్లు మూసుకుని కూనిరాగం తీసింది. గొంతు చిరిగిన గోనెసంచి. ఆ చోటికి రాగానే నేరుగా కిందికి దిగిపోయింది. "చూశావా, ఇదే వస్తోంది. అది పోయింది. అయితే ఏం?"

"అయితే ఏం అంటారేంటి? మరి నేనేం వాయించను?"

"నువ్వా?" అంది డెలియా. "మలాకీ అన్నావుగా?"

టీ వచ్చింది. పల్చగా ఉంది. అక్కడి టీ గురించి ఎవరైనా ఏదైనా చెయ్యాలి.

ఈ పై తీగ సంగతి మలాకీకి చచ్చినా చెప్పను. "నేను మొదట్నించీ పైకే కదా వేస్తున్నాను" అంటాడు. సమాధిలోంచి లేచి మరీ అంటాడు.

జూలై 8

ఆస్పత్రికి వెళ్లాం. ఆ కార్లు నిలిపే చోటు గురించి రాసి తీరాలి. లోపలికి వచ్చే దారి ఒకటి, బయటికి పోయే దారి ఎవరికీ తెలియదు. బాణాలు గీశారు, అవి గోడవైపు చూపిస్తున్నాయి. చీటీ ఇచ్చే యంత్రం చీటీ ఇవ్వదు, చీటీ అడిగే యంత్రం మాత్రం చక్కగా పనిచేస్తుంది. కోల్మన్ ట్రాక్టరు నడిపే మనిషి, అద్దం చూసే అలవాటు లేదు. మా వెనక ఒక నన్ హారన్ కొడుతూనే ఉంది. నన్! ఎవరు కట్టారో గాని వాళ్లకి జీవితంలో ఎప్పుడూ ఎక్కడికీ వెళ్లాల్సిన అవసరం వచ్చినట్టు లేదు. తిరిగి వచ్చేటప్పుడు కూడా అంతే, బాణం, గోడ, బాణం, గోడ. అక్కడే తిరిగాం చాలాసేపు. కోల్మన్ ఒక్కసారి కూడా విసుక్కోలేదు. మామూలుగా అయితే విసుక్కుంటాడు.

డాక్టరమ్మ ఈసారి పెద్దాయన్ని కూడా పిలిచింది. ఆయనదీ అదే మాట.

జూలై 9

ఫిడేలు తీగలు వదులు చేసి పెట్టాను. గాలిలో తేమ ఎక్కువగా ఉంది.

జూలై 10

తేమ.

జూలై 19

మలాకీ దగ్గరికి వెళ్లాను. చెయ్యి సంగతి అడగలేదు. ఎవరో చెప్పేసి ఉంటారు. అడగనందుకు కోపం వచ్చింది. అడిగి ఉంటే ఇంకా కోపం వచ్చేది. ఈ మధ్య నాకు కోపానికి చోటు వెతుక్కోవలసిన అవసరం ఉండటం లేదు.

"ఈరోజు గొడవ పడవా?" అన్నాడు కాసేపయ్యాక.

"ఓపిక లేదు."

"అయితే నీ ఎఫ్ దగ్గర నువ్వు చేసేది దరిద్రంగా ఉంది" అన్నాడు.

గొడవ పడ్డాం. ప్రాణం లేచొచ్చింది. ఇంటికి వచ్చేటప్పుడు గుర్తొచ్చింది, ఆ ఎఫ్‌నే ఆయన మొన్న మెచ్చుకున్నాడు. దొంగముండాకొడుకు.

ఆగస్టు 2

ఒక సంగతి కనిపెట్టాను. ఆ నాలుగు స్వరాలకి ముందు ఊపిరి పట్టి ఉంచుకుంటే, డి మీద వేలితో ఒక్క దెబ్బ కొడితే, కింద ఇంకా ఏదో ఉందని చెవికి భ్రమ కలుగుతుంది. లేదు. అయినా కలుగుతుంది. పొద్దుటినుంచి అదే చేశాను. కోల్మన్ గుమ్మంలో బూట్లతో నిలబడి విన్నాడు. "ఏంటి?" అన్నాను. "ఏం లేదు. ఎర్రావు తన్నలేదు" అన్నాడు.

మలాకీకి చూపించలేదు. దొంగిలిస్తాడు.

ఆగస్టు 10

రేపే పండగ. మళ్లీ కుదరలేదు. ఆయన పైకే అంటాడు, నేను కిందే అంటాను. సెనన్ వచ్చి విని, "ఇద్దరూ ఒకటే వాయిస్తున్నారుగా?" అన్నాడు. ఇలాంటి వాడికి కమిటీ ఇచ్చారు.

ఆగస్టు 12

నిన్న రాయలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను, వరసగా.

చర్చి హాలు నిండింది. వేదిక అంచున ఎవరో తెల్లరంగు పట్టీ అంటించారు. ఎవరో అని రాస్తున్నాను గాని ఫిడెల్మాయే. డెలియాని చక్రాల కుర్చీలో తెచ్చి ముందువరసలో పెట్టారు. నేను విజిల్ తీయగానే హాల్లో చిన్న కదలిక. నాకు తెలుసు ఆ కదలిక. చిల్లర ఏరిపెట్టిన ఇద్దరూ మూడో వరసలో ఉన్నారు.

పక్కన మలాకీ కొత్త చొక్కా వేసుకుని, విజిల్‌ని పదేపదే దానికే తుడుస్తూ నిలబడ్డాడు. వేల పళ్లు పీకిన చేతులు. పాపం అనిపించింది. సరే, ఈ ఒక్కసారికి ఈయన దారినే పోదాం, పైకే వేద్దాం అనుకున్నాను. జాలితో. డెలియా చెప్పిందానికీ దీనికీ ఏ సంబంధం లేదు.

మొదటి భాగం ఇద్దరం ఒకే గొంతులా వచ్చాం. రెండో భాగం, ఆ చోటు. నేను దూలం ఎక్కాను, అచ్చం కోడిలాగా. పక్కకి చూస్తే మలాకీ కింద ఉన్నాడు! నా ఎఫ్, నా ఇ, నా డి, నేను దాచుకున్న ఆ వేలి దెబ్బతో సహా. ఎప్పుడు విన్నాడో, ఎక్కడ నక్కి విన్నాడో. నా దారిలో పోతున్నాడు ముసలాడు, నా మీద జాలితో!

ఆయన కళ్లు ఇంతింతయ్యాయి. నావీ.

రెండో చుట్టు. సరే, నా దారికి నేను వచ్చేశాను. ఆయన కూడా బుద్ధిగా తన దారికి పోయాడు. మళ్లీ నేను కింద, ఆయన పైన. ఇరుకు వంతెన మీద ఎదురుపడి ఇద్దరూ ఒకే పక్కకి తప్పుకుంటారే, అలా.

మూడో చుట్టు. ఆ చోటు వస్తోంది. పైకా? కిందికా? ఆయన ఎటు పోతాడు? ఆయనా నన్నే చూస్తున్నాడు. ఆ నాలుగు స్వరాల దగ్గరికి వచ్చేసరికి ఇద్దరం విజిళ్లు నోట్లోంచి తీసేశాం.

ఏమీ లేదు.

హాల్లో కాళ్ల చప్పుడు మాత్రం ఆగలేదు. జనం నేలమీద కాళ్లతో లయ కొడుతున్నారు, అది నడుస్తూనే ఉంది, ఖాళీలోంచి. దిగాల్సిన చోట బాణీ దిగింది. ఎవరూ వాయించలేదు, నేను విన్నాను. తర్వాత ఇద్దరం డి మీద ఒక్కసారిగా పడ్డాం. హాలు లేచింది.

చప్పట్లకి ఒక అర్థం ఉంటుందని నేను ఎప్పుడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను.

సెనన్ మైకులో, "చూశారా! ఒకరు పైన, ఒకరు కింద, మళ్లీ మార్చి, చివరికి నిశ్శబ్దం! ఎన్ని నెలలు కూర్చుని అల్లారో!" అన్నాడు. మలాకీ వినయంగా తలొంచుకున్నాడు. నేనూ వంచుకున్నాను. ఇంకేం చెయ్యాలి?

వేదిక దిగాక (మెట్ల మీదుగా) అడిగాను. "నాది ఎందుకు వాయించావు?"

"నువ్వు నాది ఎందుకు వాయించావు?"

"సరదాకి."

"నాకూ సరదాకే" అన్నాడు.

డెలియా నా కోటు పట్టుకుని లాగింది. "మధ్యలో ఆపేశారేంటే?"

"ఆ స్వరాలు మా దగ్గర లేవు, డెలియా."

"ఆ రోజు నాకీ ఉపాయం తట్టలేదు చూడు" అంది. "అనవసరంగా అంత కష్టపడ్డాను."

ఆగస్టు 13

ఒళ్లు నొప్పులు. సంతోషంగా ఏమీ లేను. మామూలుగానే ఉన్నాను.

ఆగస్టు 23

గురువారం కచేరికి వెళ్లాను. నా కుర్చీ ఖాళీగా ఉంచారు. ఫిడెల్మా దాని మీద తన కోటు వేసి కాపలా కాసిందట, ఇన్ని నెలలూ. నేను వెళ్లి మలాకీ పక్కన గోడవైపు బల్ల మీద కూర్చున్నాను. విజిల్‌కి అక్కడే వీలు. ఫిడెల్మాతో, "ఆ కోటు తీసి నువ్వు కూర్చో, ఊరికే ముడతలు పడుతోంది" అన్నాను.

కూర్చుంది. ఏడ్చింది. కమాను మీద పడ్డాయి కన్నీళ్లు. దానికి రాసిన రోజిన్ పొడి పాడవుతుందని చెప్పాను.

సెప్టెంబరు 5

ఒక రీల్ కట్టాను. ఇన్నేళ్లలో ఎప్పుడూ కట్టలేదు. ఫిడేలు చేతిలో ఉన్నప్పుడు ఉన్నవే చాలేవి.

ఇది మొత్తం పైనే ఉంటుంది. రెండో భాగం మరీ పైకి, సి దాటి, చివరి డి దాకా పోతుంది. విజిల్‌కి ఊపిరి గట్టిగా ఇస్తే చాలు, పిట్టలా పలుకుతుంది. ఫిడేలుకయితే చెయ్యి ఉన్న చోటునుంచి పైకి జరపాలి. మా ఊళ్లో ఫిడేలు వాళ్లు పుట్టి బుద్ధెరిగి చెయ్యి జరిపి ఎరగరు. నేనూ జరపలేదు. కావాలని అలా కట్టలేదు.

కావాలనే కట్టాను.

ఎర్రావుని కోల్మన్ దూరపు పొలంలో కట్టేశాడు.

సెప్టెంబరు 16

ఆదివారం. ప్రార్థన అయ్యాక ఫిడెల్మా ఫిడేలు పెట్టెతో వచ్చింది. గురువారం నా రీల్ విని వెళ్లిందట, రెండు రోజులుగా అదే సాధన చేస్తోందట. "ఇంత మంచి బాణీ ఈ మధ్య వినలేదు" అంది. అంటుంది మరి, పని పడింది కదా.

"అయితే వాయించు" అన్నాను.

మొదటి భాగం చక్కగా వాయించింది. నిజం రాస్తే, నేను ఫిడేలు మీద వాయించగలిగిన దానికంటే... చక్కగా వాయించింది. రెండో భాగం పైకి ఎక్కింది. ఎక్కి, ఎక్కి, వేలు చాచి, అందక, చెయ్యి జరిపి, కీచుమనిపించింది. మళ్లీ. మళ్లీ కీచు. నేను బిస్కెట్ టీలో ముంచుకుని తిన్నాను. మంచి బిస్కెట్.

చెమట పట్టింది పాపం. కమాను దించేసింది.

"ఆ పైవి రెండూ నాకు అందడం లేదు అట్రాక్టా. ఎంత చేసినా రావడం లేదు. నా ఫిడేలుకి..." ఆగి, నేలవైపు చూసింది. "ఆ రెండిటినీ కిందికి దించుకుంటే మీకేమైనా అభ్యంతరమా?"

"చాలా ఉంది" అన్నాను. "దించు."